మలకాల్ 2016: పోలీసుల పని ఆగి సైన్యం పని మొదలవ్వాల్సిన గంట ఏది? (కేస్ స్టడీ)

2016 ఫిబ్రవరి 17 రాత్రి సౌత్ సూడాన్‌లోని మలకాల్‌లో, ఐక్యరాజ్యసమితి కంచె లోపల, 47 వేల మందికి పైగా జనం తలదాచుకున్న క్యాంపులో గొడవ మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం దాటేసరికి కనీసం 30 మంది చనిపోయారు, 120 మందికి పైగా దెబ్బలు తగిలాయి, క్యాంపులో దాదాపు మూడో వంతు కాలిపోయింది. ఇదంతా ఎక్కడో అడవిలో జరగలా, నీలం హెల్మెట్ల, అంటే యూఎన్ శాంతి సైనికుల, కాపలా ఉన్న చోటే జరిగింది.

బెంగళూరులో నేను నడిపే ట్రైనింగ్ సెషన్లలో ఈ కేస్ తరచూ వాడుతుంటా. రామమూర్తి నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తు ఆదివారాలు ఖాళీగా ఉంటుంది, అక్కడ కూర్చుంటాం. వచ్చేవాళ్ళు దాదాపు అందరూ తెలుగువాళ్ళే: ఆర్మీలో చేసి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాళ్ళు, బయటి దేశాల్లో రిలీఫ్ ఉద్యోగాలకి ట్రై చేస్తున్న నర్సులు, లాజిస్టిక్స్ కుర్రాళ్ళు, ఒకరిద్దరు లా చదివినవాళ్ళు. నేను క్యాంప్ మేనేజ్‌మెంట్ మనిషిని, తుపాకీ పట్టుకున్నదాన్ని కాదు. మలకాల్ ఉన్న అప్పర్ నైల్ ప్రాంతంలో ఈ ఘటన జరిగాక పనిచేశా, కాబట్టి ఆ రాత్రి నేను కళ్ళారా చూసింది కాదు, ఎంక్వైరీల్లో బయటికొచ్చిన విషయాలూ తర్వాత ఆ కంచె వెంట నడిచి చూసిందీ కలిపి చెప్తున్నా. ఏ దేశం యూనిట్ ఏం చేసింది అన్నది ఇక్కడ రాయట్లేదు, కావాలనే. మన ఇండియన్ బెటాలియన్ కూడా మలకాల్‌లో ఉండేది కాబట్టి సెషన్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ "మనవాళ్ళు ఏం చేశారు?" అనే వస్తుంది, అందులో పడ్డామంటే మిగతా టైమంతా జెండాల పంచాయితీతోనే సరిపోతుంది, అసలు సంగతి పక్కకి పోతుంది.

ముందు సంగతి

సౌత్ సూడాన్ దేశంగా పుట్టిందే 2011 జులై 9న. దాంతోపాటే వచ్చిన యూఎన్ శాంతి మిషన్ పేరు అన్‌మిస్. మొదట్లో దాని పని కొత్త ప్రభుత్వానికి చెయ్యి అందించడం, పోలీసులకి ట్రైనింగ్, కోర్టులు, జిల్లా ఆఫీసులు, అట్లాంటివి. రెండున్నరేళ్ళు తిరక్కముందే, 2013 డిసెంబర్ 15న, రాజధాని జుబాలో ప్రెసిడెంట్ సల్వా కీర్ వైపు సైనికులకీ ఆయన కొన్ని నెలల ముందు పీకేసిన వైస్ ప్రెసిడెంట్ రియెక్ మచార్ వైపు సైనికులకీ కాల్పులు మొదలై, చూస్తుండగానే అది కీర్ తెగ డింకాలకీ మచార్ తెగ న్యూర్‌లకీ మధ్య హత్యాకాండ అయిపోయింది. జనం యూఎన్ బేసుల గేట్ల మీదకి పరిగెత్తుకొచ్చారు. గేట్లు తెరిచారు. ఆ తెరిచినందుకు ఎన్ని వేల ప్రాణాలు నిలబడ్డాయో లెక్క కట్టలేం, ఈ మిషన్‌ని తిట్టేముందు ఈ ఒక్క మాట నేను ప్రతి సెషన్‌లో ముందే చెప్తా. నాలుగు రోజులుండి వెళ్ళిపోతారనుకున్న జనం ఏళ్ళ తరబడి ఉండిపోయారు, ఒక దశలో దేశం మొత్తం మీద ఇట్లాంటి క్యాంపుల్లో 2 లక్షలు దాటారు. వాటికి తర్వాత పెట్టిన పేరే పీఓసీ సైట్, అంటే సివిలియన్లని కాపాడే స్థలం.

2014 మేలో భద్రతా మండలి 2155 నంబర్ తీర్మానంతో మిషన్ పని మార్చేసింది. ప్రభుత్వాన్ని నిలబెట్టే పని పక్కన పెట్టి, సివిలియన్ల రక్షణే మొదటి పని అంది. యూఎన్ చార్టర్‌లో బలప్రయోగానికి వీలిచ్చే ఛాప్టర్ 7 కింద, అవసరమైన అన్ని మార్గాలూ వాడొచ్చు, దాడి చేసేది ఎవరైనా సరే. ఈ "ఎవరైనా సరే"లోనే మొత్తం తిరకాసు ఉంది, ఎందుకంటే అక్కడ దాడి చేసేది చాలాసార్లు ఆ దేశపు ప్రభుత్వ సైన్యమే, మిషన్ అక్కడ ఉండేదేమో ఆ ప్రభుత్వం ఒప్పుకుంటేనే. విమానం దిగాలన్నా, డీజిల్ బోటు నైలు మీద రావాలన్నా వాళ్ళ పర్మిషనే. కాల్చాల్సిన మనిషీ, రేపు పొద్దున మన ట్రక్కు వదలాల్సిన మనిషీ ఒకడే అయినప్పుడు మండలి న్యూయార్క్‌లో ఎంత గట్టి భాష రాసినా సెంట్రీ పోస్టులో నిలబడ్డ జవానుకి అది సగమే వినపడుతుంది.

మలకాల్ వైట్ నైల్ ఒడ్డున ఉంటుంది. నల్లరేగడి నేల. వానాకాలం బండ్లు దిగబడితే దిగబడినట్టే. మట్టి కట్ట పోస్తే ఎండకి బీటలు తీస్తుంది, వానకి జారిపోతుంది. ఊరు యుద్ధంలో ఎన్నిసార్లు చేతులు మారిందో, చివరికి గోడలే మిగిలాయి, జనమంతా ఊరి బయటున్న యూఎన్ క్యాంపులో. షిల్లుక్ తెగ వాళ్ళకి అది తరతరాల గడ్డ, వాళ్ళకి రాజు కూడా ఉన్నాడు. డింకాల్లో పడాంగ్ అనే శాఖ వాళ్ళేమో తూర్పు ఒడ్డు మాది అంటారు. 2015 అక్టోబర్ 2న ప్రెసిడెంట్ కీర్ ఒక ఉత్తర్వుతో 10 రాష్ట్రాలని 28 చేసేశాడు, ఆ గీతల్లో మలకాల్ వెళ్ళి డింకాల పెత్తనం ఉండే రాష్ట్రంలో పడింది. శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఇక క్యాంపులో షిల్లుక్, న్యూర్, డింకా, పక్క దేశం సూడాన్‌లోని దార్ఫుర్ నుంచి వచ్చిన వ్యాపారులు, అందరూ ఒకే కంచె లోపల, సెక్టార్లుగా. అదీగాక 2015 మధ్యలో నది అవతల ఒడ్డుకి సాయం వెళ్ళకుండా ఆపేయడంతో ఆకలికి తట్టుకోలేక వేలమంది కొత్తగా వచ్చి చేరారు, ఒకరి టార్పాలిన్ మీద ఒకరిది అన్నట్టు అయిపోయింది.

కంచె బయట రాసిన ఉత్తర్వు కంచె లోపల పడుకున్నవాళ్ళని విడదీసింది. ఇది ముందే కనిపించాల్సిన విషయం, చాలామందికి కనిపించింది కూడా.

ఆ రాత్రి

ముందురోజు, 16న, గేటు దగ్గర మందుగుండు లోపలికి తేబోతూ ప్రభుత్వ సైనికులు దొరికారు. నా లెక్కలో కేస్ ఇక్కడ మొదలవుతుంది. ఆయుధాలు లేని స్థలం అని బోర్డు పెట్టుకున్న క్యాంపులోకి తూటాలు వస్తున్నాయంటే లోపల తుపాకీ ఆల్రెడీ ఉందన్నమాట. ఆ రోజు సాయంత్రమే సెక్టార్ల మధ్య యూఎన్ సైన్యం నిలబడాలి, కంచె మొత్తం తిరిగి చూడాలి, షిల్లుక్ పెద్దల్నీ డింకా పెద్దల్నీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి.

17వ తేదీ రాత్రి పదిన్నర ప్రాంతంలో కుర్రాళ్ళ గుంపులు కొట్టుకున్నాయి. కర్రలు, రాళ్ళు, తర్వాత తుపాకులు. యూఎన్ పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. అంటే అప్పటికి దీన్ని అల్లర్లు లాగా చూశారు, అప్పటికి అది కొంత నిజం కూడా. రాత్రంతా ఆగుతూ మొదలవుతూ నడిచింది. 18వ తేదీ పొద్దున, కంచెలో ఒక చోట తెగ్గొట్టిన సందులోంచి ప్రభుత్వ సైన్యం యూనిఫాం వేసుకున్నవాళ్ళు లోపలికి వచ్చారు. వచ్చి షిల్లుక్, న్యూర్ సెక్టార్లలో కాల్చుకుంటూ, వరసగా అంటించుకుంటూ పోయారు. క్లినిక్కులు, బడులు, నీళ్ళ ట్యాంకులు కూడా పోయాయి. ఎం.ఎస్.ఎఫ్. అనే వైద్య సాయం సంస్థ స్టాఫ్‌లో కూడా ప్రాణాలు పోయాయి, అదే క్యాంపులో ఉండే స్థానికులు వాళ్ళు. వేలమంది పక్కనున్న యూఎన్ సొంత బేస్ వైపు, ఆఫీసులూ బండ్లూ ఉండే వైపు, మధ్యలో కంచెలు దాటుకుని పరిగెత్తారు.

యూఎన్ సైన్యం గట్టిగా కదిలింది 18 మధ్యాహ్నం దాటాక. కదిలి ఎదురు కాల్పులు మొదలుపెట్టాక లోపలికి వచ్చినవాళ్ళు ఎక్కువసేపు నిలబడలా, వెళ్ళిపోయారు.

ఈ చివరి వాక్యం దగ్గర సెషన్‌లో ప్రతిసారీ గదిలో మాట ఆగిపోతుంది. వాళ్ళని తరమడం సాధ్యమేనని వాళ్ళని తరిమాకే తెలిసింది మరి.

యూఎన్ సొంత ఎంక్వైరీ బోర్డు 2016 జూన్‌లో చెప్పింది సూటిగానే ఉంది. కింది స్థాయిలో ఎవరు ఎవరికి ఆర్డర్ ఇవ్వాలన్నదాంట్లో, ఎప్పుడు కాల్చొచ్చు అన్న రూల్స్‌లో అయోమయం, పోలీసు, సైన్యం, సివిలియన్ స్టాఫ్ మధ్య సమన్వయం లేదు, కొన్ని పోస్టులు వదిలేశారు, ఒకచోట అయితే బలప్రయోగానికి రాతలో ఆర్డర్ కావాలని అడిగారు.

రాతలో ఆర్డర్

రామమూర్తి నగర్ గదిలో నేను చేసే పని ఏంటంటే, గోడకి పెద్ద చార్టు మీద క్యాంపు గీసి పెడతా, సెక్టార్లు రంగులతో, గేట్లు, వాచ్ టవర్లు, కంచె. టైం రాసిన కార్డులు ఒక్కొక్కటిగా ఇస్తా. 16 సాయంత్రం గేటు దగ్గర తూటాలు. 17 రాత్రి పదిన్నర రాళ్ళు. అర్ధరాత్రి దాటాక కాల్పుల శబ్దం, ఎవరో తెలీదు. 18 పొద్దున కంచెలో సందు. ప్రతి కార్డుకీ ఎవరు ఏం చేస్తారో చెప్పాలి, చేసేముందు ఎవర్ని అడుగుతారో కూడా చెప్పాలి. ఈ రెండోది పెట్టకపోతే అందరూ హీరోలే.

మొన్నటి బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ సుబేదార్ గారు ఉన్నారు, అల్సూర్‌లోని మద్రాస్ సాపర్స్‌లో (సాపర్ అంటే సైన్యంలో కట్టలు, కంచెలు లాంటివి చూసే ఇంజనీరింగ్ మనిషి) పనిచేసినాయన, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్. ఆయన రాతలో ఆర్డర్ అడిగిన ఆఫీసర్ని వెనకేసుకొచ్చారు, నేను ఊహించినదానికంటే చాలా గట్టిగా.

"అమ్మా, మీకు చార్టు మీద చెప్పడం సులువు. ఎదురుగా ఉన్నోడు ఆ దేశం సైనికుడు. వాణ్ణి నేను కాలిస్తే రేపు నా మీద ఎంక్వైరీ. ఎవరు ఆర్డర్ ఇచ్చారంటారు. రేడియోలో చెప్పారు అంటా, రేడియోలో చెప్పినోడు నేను అనలేదంటాడు. కాయితం లేకపోతే చివర్లో ఇరుక్కునేది తుపాకీ పట్టుకున్నోడే."

దీనికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు, ఉన్నట్టు నటించను కూడా. బలం ఎప్పుడు వాడొచ్చో చెప్పే రూల్స్ కార్డు ప్రతి జవాను జేబులో ఉంటుంది, సివిలియన్ మీద ప్రాణహాని తరుముకొస్తుంటే ప్రాణం తీసే బలం కూడా వాడొచ్చని అందులో ఉంటుంది, అంటే కాయితం ఆల్రెడీ ఉంది. కానీ ఆయన చెప్పేది ఆ కాయితం గురించి కాదు. ప్రతి కంటింజెంట్‌కీ, అంటే ఒక్కో దేశం పంపిన దళానికి, రెండు తీగలుంటాయి, ఒకటి సెక్టార్ కమాండర్ నుంచి ఫోర్స్ కమాండర్ దాకా యూఎన్ తీగ, రెండోది సొంత దేశ రాజధానికి పోయే తీగ. యూఎన్ నుంచి వచ్చిన ఆర్డర్ మీద ప్రాణాలు పోతే శవపేటిక ముందు నిలబడాల్సింది సొంత దేశమే, అందుకే ఆ రెండో తీగ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. పీస్‌కీపింగ్‌లో సివిలియన్ల రక్షణ మీద 2015లో వచ్చిన కిగాలీ సూత్రాలు 18 ఉంటే అందులో ఒకటి సరిగ్గా దీని మీదే: అర్జెంటు పరిస్థితిలో రాజధానిని మళ్ళీ అడక్కుండానే బలం వాడే అధికారం కంటింజెంట్ కమాండర్‌కి ముందే ఇచ్చెయ్యాలని. అట్లా రాసుకోవాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు, అడగడం ఎంత మామూలైపోయిందో.

ఒక లెక్క చెప్తా. యూఎన్ ఆడిట్ విభాగం 2014లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 2010 నుంచి 2013 దాకా పలు యూఎన్ మిషన్లలో సివిలియన్లకి సంబంధించిన 507 ఘటనలు చూస్తే, మిషన్లు వెంటనే స్పందించింది అందులో 20 శాతంలోనే. బలప్రయోగం అన్నది దాదాపు లేనే లేదు. అంటే మలకాల్ ఎక్కడో దారి తప్పిన ఒక్క కేస్ కాదు.

సుబేదార్ గారి మాటకి లాజిస్టిక్స్ కుర్రాడొకడు నవ్వుతూ అందుకున్నాడు, "అంకుల్, మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇంతేగా, యాప్‌లో ఓనర్ అప్రూవల్ రాలేదని గేటు దగ్గర అంబులెన్స్‌ని నిలబెట్టేస్తారు." అందరూ నవ్వారు. ఆయన నవ్వలా. కాసేపాగి, "మా దగ్గర ఇప్పుడు ఆ రూల్ తీసేశాం బాబూ, అంబులెన్స్‌కి, ఫైరింజన్‌కి గేటు ముందు తెరవాలి, ఎంట్రీ తర్వాత రాసుకోవాలి, అది నైట్ షిఫ్ట్ కుర్రాడికి కూడా తెలుసు, ఎందుకంటే గేటు పక్కన పెద్ద అక్షరాలతో అంటించి కింద సెక్రటరీ సంతకం పెట్టించా" అన్నారు. ఆయన తనకి తెలియకుండానే తన వాదనకి తనే జవాబు చెప్పుకున్నారని నాకు అనిపించింది, కానీ అక్కడ ఆ మాట అనలా, పెద్దాయన.

నర్సమ్మ అడిగిన ప్రశ్న

నెల్లూరు అమ్మాయి, ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో చేస్తుంది. కార్డులన్నీ అయిపోయాక చార్టు దగ్గరికెళ్ళి కాలిన ఇళ్ళ గుర్తుల మీద వేలు పెట్టి చూసింది. "అక్కా, కుర్రాళ్ళ గొడవైతే అటూ ఇటూ రెండు వైపులా కాలాలి కదా. ఇదేంటి, ఒక పక్కే కాలింది?" అంది.

కేస్ మొత్తం ఇక్కడుంది. డింకాలు, దార్ఫుర్ వాళ్ళు చాలావరకు ఆ గొడవలోనే క్యాంపు వదిలి ఊళ్ళోకి వెళ్ళిపోయారు, కాలింది షిల్లుక్, న్యూర్ వైపు. రాత్రి పదిన్నరకి జరిగింది అల్లరే అనుకుందాం, పోలీసుల పనే, టియర్ గ్యాస్ సరైనదే. పొద్దున జరిగింది యూనిఫాంతో, కంచె తెంచి, సెక్టార్ చూసుకుని చేసిన దాడి. దానికి టియర్ గ్యాస్ పనికిరాదు. మధ్యలో ఎక్కడో ఒక గంటలో పోలీసు కమాండర్ రేడియో తీసుకుని "ఇది ఇక నా చేతిలో లేదు, మీరు తీసుకోండి" అనాలి, అవతల సైన్యం వైపు మనిషి "తీసుకున్నా" అనాలి. ఆ మాటలు జరగాల్సిన టైంకి జరగలేదు. రాత్రి వేసుకున్న అంచనాతోనే పొద్దున కూడా నిలబడ్డారు. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే పిల్లకి అది వెంటనే తట్టింది, "మేము ప్రతి కొంతసేపటికీ పేషెంట్‌ని మళ్ళీ చూస్తాం అక్కా, వచ్చినప్పుడు పచ్చ ట్యాగ్ ఉన్నోడికి గంటకి ఎర్ర ట్యాగ్ పడొచ్చు" అంది. నేను ఇన్ని రోజులు రూల్స్, ఆర్డర్ల చుట్టూ తిప్పుతున్న కేస్‌ని ఆ అమ్మాయి పక్కకి జరిపి పెట్టింది. ఇప్పుడు నా అభిప్రాయం కూడా అదే: మలకాల్‌లో అన్నిటికంటే ముందు తప్పింది ఆ మళ్ళీ చూసే మనిషి ఎవరో రాసి పెట్టుకోకపోవడం, రాతలో ఆర్డర్ అడగడం దాని తర్వాత వచ్చిన జబ్బు.

ప్రభుత్వం వైపు నుంచి ఇది తెగల మధ్య గొడవ అన్నట్టే మాటలొచ్చాయి. తెగల గొడవ అంటే ఎవరికీ బాధ్యత ఉండదు, చూసుకోండి. చార్టు మీద కాలిన చోట్లు చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మలేరు.

కంచెలో సందు

ఇది నేను దగ్గర నుంచి చూసిన విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా. క్యాంపు కంచె అంటే మనం గోడ అనుకుంటాం. కాదు. మట్టి కట్ట, దాని బయట కందకం, పైన ముళ్ళ తీగ చుట్టలు. కిలోమీటర్ల పొడవు. దాంట్లో ఎప్పుడూ సందులుంటాయి, అవి తెంచేది శత్రువులొక్కరే కాదు. ఆడవాళ్ళు తెంచుతారు, కట్టెల కోసం. గేటు నుంచి వెళ్తే చుట్టూ తిరిగి దూరం, గేటు బయట సైనికుల చెక్‌పోస్టు, అక్కడ ఆపి చేసేది ఏంటో అందరికీ తెలుసు. సందులోంచి వెళ్తే దగ్గర, కట్టెలు కొట్టుకుని పొద్దుగూకకముందే వచ్చెయ్యొచ్చు. ఇంట్లో మగవాళ్ళు వెళ్తే చంపేస్తారని, తాము వెళ్తే బలాత్కారం చేసినా ప్రాణంతో వదులుతారని లెక్కేసుకుని ఆడవాళ్ళే వెళ్తారు. ఇట్లాంటి లెక్కలు వేసుకుని ఆ క్యాంపుల్లో పొయ్యి వెలిగేది.

సాపర్ వచ్చి సందు మూసేస్తాడు. మర్నాడు ఇంకో చోట సందు. మళ్ళీ మూస్తాడు. సెక్యూరిటీ మీటింగ్‌లో "కమ్యూనిటీ సహకరించడం లేదు" అని రాసుకుంటారు. అసలు చెయ్యాల్సింది కట్టెలకి వెళ్ళే రోజులు పెట్టి పెట్రోల్ తోడు పంపడం, కట్టెలు తక్కువ పట్టే పొయ్యిలు ఇవ్వడం, ఆడవాళ్ళ గుంపుతో కలిసి సాయంత్రం కంచె వెంట నడిచి ఏ సందు ఎవరు తీశారో అడగడం. వాళ్ళు చెప్తారు. ఇది మేము తీసింది, ఇదిగో ఇది మాది కాదు, అని. ఆ "మాది కాదు" అన్న సందే దాడి చేసేవాడు లోపలికొచ్చే దారి కావొచ్చు. నేనున్నప్పుడు తీగ చివర్లు చూపించి మరీ చెప్పారు, మేమైతే లోపలి నుంచి వంచుతాం, ఇది బయట నుంచి కటర్‌తో కోశారు చూడు అని, తీగ కోత నున్నగా ఉంది, చెయ్యి పెట్టి చూపించింది ఒకామె.

సుబేదార్ గారు దీనికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. నల్లరేగడిలో కట్ట పోసిన అనుభవం ఆయనకి ఉంది, "ఆ మట్టితో ఎంత ఎత్తు పోసినా మొదటి వానకి కాలువ పడిపోతుంది అమ్మా, మొరం తెచ్చి పైన పొర వెయ్యాలి, లేదంటే ప్రతి సీజన్‌కీ కట్ట మళ్ళీ పొయ్యాలి" అని ఓ పది నిమిషాలు చెప్పుకుంటూ పోయారు, లా చదివిన అబ్బాయికి బోర్ కొట్టింది గానీ నాకు నచ్చింది, ఎందుకంటే తీర్మానాల్లో ఎక్కడా మొరం గురించి ఉండదు.

ముందస్తు సమాచారం గురించి కూడా ఇక్కడే ఒక మాట. మలకాల్ చుట్టుపక్కల ఇండియన్ కంటింజెంట్ పశువైద్యులు జనాల పశువులకి వైద్యం చేస్తారు. మొదట విన్నప్పుడు ఇదేం పీస్‌కీపింగ్ అనుకుంటారు చాలామంది. ఆ దేశంలో పశువే ఆస్తి, పశువే కన్యాశుల్కం, సగం దాడులు పశువుల కోసమే. ఆవుకి సూది వేయించుకోవడానికి వచ్చినవాడు ఏ మందని ఎటు తోలారో, ఎందుకు తోలారో మాటల్లో చెప్తాడు. యూనిఫాంలో నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళి అడిగితే చెప్పడు.

బోర్, అకోబో పక్కన పెట్టి చూస్తే

ఒక్క కేస్ మీదే నిలబడితే ఏకపక్షం అవుతుందని ఇంకో రెండు చెప్తా, క్లుప్తంగానే.

2013 డిసెంబర్ 19న జోంగ్లే రాష్ట్రంలోని అకోబోలో చిన్న యూఎన్ బేస్ మీద వందలు కాదు, వేలల్లో సాయుధ యువకులు పడ్డారు, లోపల దాక్కున్న డింకా సివిలియన్ల కోసం. ఇద్దరు ఇండియన్ జవాన్లు చనిపోయారు, లోపలున్న సివిలియన్లూ చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జోంగ్లే రాష్ట్రంలోనే కాన్వాయ్ మీద దాడిలో ఐదుగురు మన జవాన్లు పోయారు. ఇది చెప్తున్నప్పుడు గదిలో ఆర్మీ వాళ్ళు కాసేపు ఏం మాట్లాడరు, నేనూ తొందరపెట్టను. అంత చిన్న బలగంతో అంత గుంపుని ఏ రూల్స్ కార్డూ ఆపలేదు, అక్కడ ప్రశ్న వేరు, అంత చిన్న బేస్‌ని అక్కడ ఎందుకు అట్లా వదిలారు అన్నది.

2014 ఏప్రిల్ 17న జోంగ్లే రాజధాని బోర్‌లో ఊరేగింపులా వచ్చిన గుంపు, ఏదో వినతిపత్రం ఇస్తామన్నట్టు వచ్చి, లోపలికి చొరబడి కాల్చింది. దాదాపు 5 వేల మంది ఉన్న క్యాంపు, 40 మందికి పైగా చనిపోయారు. కానీ అక్కడ పీస్‌కీపర్లు తిరిగి కాల్చారు, గుంపు వెనక్కి పోయింది. అదే రోజు అదే క్యాంపులో నాన్‌వయొలెంట్ పీస్‌ఫోర్స్ అనే సంస్థ మనుషులు ఇద్దరు, చేతిలో ఆయుధం లేకుండా, మట్టి గుడిసెలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ దాచి వాకిట్లో నిలబడ్డారు. తుపాకీతో వచ్చినవాళ్ళు మీరు పొండి, వీళ్ళని వదలండి అంటే ఆ ఇద్దరూ ఐడీ కార్డు చూపించి మేం కదలం అన్నారు. కదల్లేదు. లోపలివాళ్ళు బతికారు. దీన్ని చూపించి తుపాకులే అక్కర్లేదు అనేవాళ్ళతో నేను ఏకీభవించను, ఆ ఇద్దరూ నిలబడగలిగింది ఒక గుడిసె వాకిట్లో, కంచె మొత్తం మీద కాదు. కానీ ఒక సంగతి మాత్రం గట్టిగా కనిపిస్తుంది: ఆ ఇద్దరూ ఎవర్నీ అడగలా.

తర్వాత ఏం మారింది

మలకాల్ ఎంక్వైరీ సిరా ఆరకముందే, 2016 జులైలో జుబాలో మళ్ళీ యుద్ధం. ఇద్దరు చైనా పీస్‌కీపర్లు చనిపోయారు. యూఎన్ బేస్‌కి కిలోమీటరు దూరంలో ఉన్న టెరైన్ హోటల్ మీద జులై 11న సైనికులు పడి రిలీఫ్ వర్కర్ల మీద అత్యాచారాలు చేసి, ఒక జర్నలిస్టుని చంపితే, సాయం కావాలని ఫోన్లు చేసినా ఎవరూ వెళ్ళలేదు. డచ్ రిటైర్డ్ మేజర్ జనరల్ పాట్రిక్ కామర్ట్ ఆధ్వర్యంలో జరిగిన విచారణలో తేలిందేంటంటే నాలుగు దేశాల కంటింజెంట్లు, ఒకే కమాండ్ లేదు, ఒకదానికొకటి పొసగని ఆర్డర్లు. ఐదు నెలల్లో అదే జబ్బు రెండోసారి. నవంబర్‌లో ఫోర్స్ కమాండర్‌గా ఉన్న కెన్యా జనరల్‌ని సెక్రటరీ జనరల్ తీసేస్తే, కెన్యా కోపమొచ్చి తన సైన్యాన్నే వెనక్కి పిలుచుకుంది. తప్పు ఎవరిదో చెప్పడానికి యూఎన్ ఎందుకు నసుగుతుందో ఇక్కడ అర్థమవుతుంది, సైన్యం ఇచ్చేది దేశాలు, పేరు పెడితే అవి అలుగుతాయి, అలిగితే ఆ పోస్టులో నిలబడే మనిషి ఉండడు.

ఈ మధ్యలో ఆగస్టులో 2304 తీర్మానంతో అదనంగా 4 వేల మంది ప్రాంతీయ రక్షణ దళం మంజూరు చేశారు. బలగం పెంచడం సులువైన భాగం. మిషన్‌లో ఉండగలిగే సైనికుల సీలింగ్ 17 వేలకి పెంచినంత మాత్రాన పొద్దున రేడియోలో ఎవరు ఎవరికి అప్పగించాలన్నది తేలదు.

2020 నుంచి మిగతా క్యాంపుల్ని ఒక్కొక్కటిగా మామూలు నిర్వాసితుల క్యాంపుల కింద మార్చి కాపలా ఆ దేశ పోలీసులకి అప్పగించారు, మలకాల్ మాత్రం పీఓసీ సైట్‌గానే మిగిలింది. 2023 ఏప్రిల్‌లో పక్కన సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక సరిహద్దు ఊరు రెంక్ మీదుగా తిరిగొచ్చేవాళ్ళు మళ్ళీ మలకాల్‌కే చేరారు, క్యాంపు ఇంకా ఇరుకైంది, జూన్‌లో లోపల మళ్ళీ గొడవలై మనుషులు చచ్చిపోయారు.

ఈ కేస్ మీద మా బ్యాచ్ చివర్లో చేసే పని ఒక అరపేజీ ఆర్డర్ రాయడం, గార్డ్ పోస్టులో అంటించగలిగేంత చిన్నది, కింద సంతకంతో. సుబేదార్ గారి గేటు కాయితం చూశాకే ఈ ఆలోచన వచ్చింది నాకు. మొన్నటి బ్యాచ్ రాసినదాంట్లో మొదటి మాట, కంచె తెగి ఆయుధంతో మనిషి లోపలికొస్తే యూనిఫాం ఏదైనా అది దాడే, హెచ్చరిక, తర్వాత కాల్పులు, రిపోర్టు ఆ తర్వాత. రెండోది, గంటకోసారి పోలీసు డ్యూటీ ఆఫీసర్, సైన్యం డ్యూటీ ఆఫీసర్ ఒకరికొకరు రేడియోలో పరిస్థితి మళ్ళీ చెప్పుకోవాలి, ఏం మారకపోయినా సరే, ఇది నర్సమ్మ పట్టుబట్టి రాయించింది. మూడోది, పారిపోయి వచ్చే జనానికి లోపలి బేస్ గేటు తెరవాలి అన్నది. దీని మీద సుబేదార్ గారు సంతకం పెట్టనన్నారు. జనంలో కలిసి ఆయుధం కూడా వస్తుంది, బేస్ పోతే ఇక ఎవర్నీ కాపాడలేం అని ఆయన, గేటు మూస్తే కంచెకి కంచెకి మధ్య ఇరుక్కుని చస్తారని నర్సమ్మ, "బాబాయ్, మీరు తనిఖీ చేసి వదలండి, వద్దన్నామా, ముందు తెరవండి" అని. లా అబ్బాయి తనిఖీకి ఎంతమంది కావాలి, ఆడవాళ్ళని తనిఖీ చెయ్యడానికి ఆడ జవాన్లు ఎంతమంది ఉన్నారు అని లెక్క వెయ్యడం మొదలుపెట్టాడు. మలకాల్‌లో ఆ రోజు జనం గేటు తెరిచేదాకా ఆగలా, కంచె ఎక్కేశారు. మూడో లైన్ పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి వదిలేశాం, వచ్చే బ్యాచ్‌కి అదే మొదటి కార్డు.